నాయన పంచమన్న ఇల్లు

మా నాయన పోయిన సంగతి నాకు నడిరోడ్డు మీద తెలిసింది. ఆ రోజు గచ్చిబౌలి చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, ఆఫీసు బస్సులను ఎక్కడివక్కడ ఆపి, మేం పప్పు వండుతున్నాం. జై తెలంగాణ అని అరిచేవాళ్లు అరుస్తున్నారు, నేను గరిటె తిప్పుతున్నాను. చెల్లె ఫోన్ చేసి "చిన్నన్నా, నాయన పోయిండు" అంది. నేను నవ్వాను.

"ఈసారి నీ వంతా? జర సక్కగ ఏడువు, నమ్మబుద్ధి అయితలేదు" అన్నాను.

అలా అనడానికి కారణముంది. అంతకు కొన్నేళ్ల ముందు ఇదే నాయనను నేను ఫోన్లోనే చంపాను. ఆయన చెప్తేనే చంపాను. "నేను పోతే ఎవలెవలు ఏడుస్తరో బతికుండంగనే చూడాలె రా" అన్నాడు. చుట్టాలందరికీ ఫోన్లు కొట్టాను. ఆటోలు దిగి గుండెలు బాదుకుంటూ లోపలికి వచ్చినవాళ్లకు నాయన మంచం మీద మఠం వేసుకుని చాయ్ తాగుతూ కనిపించాడు. మా మేనత్త దండ కూడా పట్టుకొచ్చింది. దాన్ని మెడలో వేసుకుని "బంతిపూలేనా అక్కా? నా ఇలువ గింతేనా?" అని అడిగాడు.

అందుకే నిజంగా పోయిన రోజు ఎవరూ కదలలేదు. బంద్ వల్ల బండ్లు లేవు, మా వల్ల నమ్మకం లేదు. నేను ఫోన్ చేస్తే మా అన్న కూడా "పొద్దుగాలనే తాగినవా రా?" అని ఫోన్ పెట్టేశాడు. చెల్లె ఆయనకు మళ్లీ చేసి తిడితే గాని రాలేదు. శ్మశానం దాకా వచ్చిన జనం ఒక్క ఆటోలో పట్టేంత మంది. నాయన చూసి ఉంటే మజా చేసేవాడు.

ఆయన నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. మా చుట్టూ అద్దాల మేడలు, వాటి చుట్టూ హాస్టళ్లు లేచే కాలంలో నీళ్లు అమ్మి ఇల్లు కట్టాడు. ఎండాకాలం హాస్టలు వాళ్లు ఫోన్లో "అంకుల్, ప్లీజ్" అని బతిమాలితే ఆయనకు పండగ. "తానం చేస్తే కంపెనీల జీతం పెరుగుతదా?" అని అడిగేవాడు. వాళ్లు మళ్లీ బతిమాలాలి, ఈయన మళ్లీ ఏదో ఒకటి అనాలి, అప్పుడు గాని బండి కదలదు. మా పక్క దవాఖానకు మాత్రం అడగకముందే పోసి వచ్చేవాడు. అదేంది నాయనా అంటే "ఆళ్లు బతిమాలరు రా, ఆలస్యం చేస్తే మజా ఏముంది?" అన్నాడు. ఆయనలోని మంచితనం కూడా ఇలా నోరు పారేసుకుంటూనే బయటికి వచ్చేది.

నేను తొమ్మిదో తరగతి తప్పినప్పుడు నన్ను కొట్టలేదు. తెల్ల చొక్కా వేసుకుని బడికి వచ్చి సార్లందరికీ లడ్డూలు పంచాడు. "మావోని పీడ ఇరగడైంది, నోరు తీపి చేసుకోండ్రి" అన్నాడు. నేను పక్కనే నిలబడి పళ్లెం పట్టుకున్నాను. ఇంకా ఒక లడ్డూ మిగిలితే అది కూడా ప్యూనుకే ఇచ్చాడు.

ఆదివారాలు మటన్ కూర గిన్నెల్లో పంచే పని నాది. షరతు ఒక్కటే, పంచినోడు ఆఖరికి తీసుకోవాలి. నేను మూలుగ ఉన్న నల్లిబొక్కను అడుగున పులుసులో ముంచి, పైన ఒట్టి ఎముకలు పేర్చి, చూస్తేనే ఆకలి చచ్చేటట్టు ఒక గిన్నె తయారు చేసేవాణ్ని. అది ఎవరూ ముట్టరు, ఆఖరికి నాకే వస్తుందని లెక్క. నాయన సరిగ్గా అదే లాక్కునేవాడు. బొక్క జుర్రుతూ నా కళ్లలోకి చూసేవాడు. "ఏడ దాచినవో నీ మొకమే చెప్తది రా" అనేవాడు. ఒక్కసారైనా చిన్న ముక్క మిగిల్చిన పాపాన పోలేదు.

దినాలు అయ్యాక వకీలు వచ్చి వీలునామా చదివాడు. ఇంటిని మూడు వాటాలు చేయాలి. చేసే బాధ్యత నాది. ముందు చెల్లె కోరుకోవాలి, తర్వాత అన్న, మిగిలింది నాకు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అన్నిటికీ నేనే జవాబుదారి.

అన్న నోరు తెరిచాడు. "గీనికా? గీనికి గుణింతాలే రావు, గీడు పంచుతడా?"

"నేను గూడ అడిగిన" అన్నాడు వకీలు. "పెద్దోడు పంచితే కొట్లాట, బిడ్డ పంచితే ఏడుపు, గీడు పంచితే జర తమాషా అయితది అన్నడు మీ నాయన."

నాకు కావలసింది ముందు వాటా. రోడ్డు మీదికి షట్టరున్న గది అందులోనే ఉంది. ఆ షట్టరులోనే నా పంక్చర్ దుకాణం. కంపెనీలకు పోయే బైకులన్నీ మా ముందు నుంచే పోతాయి, మేకులు కూడా దేవుడి దయవల్ల అక్కడే దొరుకుతాయి. అది పోతే నాకు వేరే విద్య లేదు. మధ్య వాటాలో రెండు మంచి గదులు, కిరాయికి పనికొస్తాయి. వెనక వాటా నాయన పడుకున్న గది, ఒక రేకుల వంటిల్లు, అంతే.

కొలతలు నేనే వేశాను. వెనక వాటావాళ్లు రోడ్డు మీదికి రావడానికి పక్కనుంచి బాట ఇవ్వాలి కదా, రెండున్నర అడుగులు ఇచ్చాను. ముందు వాటా తగ్గకుండా మధ్యలో ఒక మలుపు కూడా తిప్పాను. వెనక వాటా అన్నకు పడుతుందని నా అంచనా. ఆయన పొట్టకు ఆ బాట చాలదని నాకు తెలుసు. తెలిసే గీశాను.

ఇక మిగిలింది ముందు వాటాను ఎవరూ కోరుకోకుండా చేయడం. మా వైపు రోడ్డు వెడల్పు చేసే ముందు మున్సిపాలిటీవాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో అడ్డగీత, పక్కన ఒక అంకె రాసి పోతారు. అక్కడిదాకా ఇల్లు కూలుతుందని అర్థం. ఒక తెల్లవారుజామున మా షట్టరు పక్క గోడ మీద ఆ గీత వెలిసింది. అంకె కూడా చక్కగా కుదిరింది. దాన్ని చూసి గుండె పట్టుకుని కూలబడ్డది కూడా అందరికంటే ముందు నేనే.

"అయ్యో, నాయన గట్టిన ఇల్లు సగం పాయె" అన్నాను. నా భార్య నా వేళ్లకున్న ఎర్ర రంగు చూసి కిరసనాయిలు సీసా తెచ్చిచ్చింది.

అప్పుడు సర్కారు ఆఫీసులన్నీ సమ్మెలో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తాళం. దాని ముందే టెంటు, టెంటులో మైకు, మైకు ముందు మా అన్న. "తెలంగాణ వచ్చేదాక తాళం తియ్యం" అని పగలంతా గొంతు చించుకునేవాడు. ఆయనకు ఏ వాటా వచ్చినా అందులో హాస్టలు పెడతానని ఒక కడప ఆసామి అప్పుడే వచ్చి ఉన్నాడు. సాయంత్రం కాగానే నా దుకాణానికి వచ్చి గొంతు తగ్గించి అడిగేవాడు.

"తాళం ఎన్నడు తీస్తరో ఏమన్న తెలిసెనా రా?"

"ఏసింది మీరే గదనే?"

"అది ఉద్దమం. గిది ఇల్లు."

కనీసం కోరుకునే పనైనా అయిపోవాలని ఒక ఆదివారం వకీలును పిలిచి కూర్చున్నాం. నేను ముందు వాటా గురించి కళ్లనీళ్లతో చెప్పాను. ఆ గోడ పోతే షట్టరు పోతుందని, అయినా నాయన ఆజ్ఞ కాబట్టి ఆ దరిద్రం నేనే మోస్తానని అన్నాను. అన్న నా భుజం తట్టాడు. "సర్కారోళ్లు గంతే రా, దుర్మార్గులు" అన్నాడు.

చెల్లె కొంగుతో మొహం తుడుచుకుంది. అది ఏడుపు కాదని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"పెద్దన్నా, మున్సిపాలిటోళ్లు గూడ సమ్మెల ఉన్నరా?"

"ఉండరా మరి? ఒక్కడు గూడ పనికి పోతలేడు. పోనిస్తమా మేము?"

"మరి గీత ఎవడు గీసిండే?"

రోజూ మైకులో ఆ సమ్మె గురించే అరుస్తూ, ఆ గీతను నమ్మినవాడు మా అన్న. నేను ఏదో అనబోయాను. చెల్లె నా కళ్లలోకి చూసింది, అచ్చం నాయన బొక్క జుర్రుతూ చూసినట్టే.

"ముందు వాటా నాది. రాసుకోండ్రి వకీలు సాబ్."

అన్న మధ్య వాటా తీసుకున్నాడు. మిగిలింది నాకు మిగిలింది. నా చేతి గీతలే కాబట్టి నాకే అభ్యంతరం చెప్పే నోరు లేదు. సమ్మె విరమించి తాళం తీసిన వారంలో వెళ్లి ముగ్గురం సంతకాలు పెట్టాం. ఆఫీసు బయట చెల్లెను షట్టరు కిరాయికి అడిగాను.

"ఇస్త గని చిన్నన్నా, గోడ కూలుతదేమో, నువ్వే పరేషాన్ అయితవ్" అంది.

షట్టరు కర్నూలు నుంచి వచ్చిన ఒక కర్రీ పాయింట్ ఆయనకు ఇచ్చింది. నేను పంపు, నీళ్ల తొట్టి ఎత్తుకుని మదీనాగూడ వైపు హైవే పక్కన గొడుగు కింద కూర్చుంటున్నాను. అక్కడ మేకులు తక్కువ, పోలీసులు ఎక్కువ.

వెనక గదిలో నాయన తల ఆనించి కూర్చునే చోట గోడకు నూనె మరక ఉంది. సున్నం వేస్తే వారం ఆగి మళ్లీ పైకి తేలుతోంది. దాని కిందే నేను పడుకుంటాను. ఆయన మీద కోపం లేదు. జీవితంలో నన్ను నమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు, అందరూ మునిగారు. నన్ను తెలుసుకున్నవాడు ఆయన ఒక్కడే. నా చేతికే టేపు ఇచ్చి నాతోనే నన్ను కొలిపించి పోయాడు. అట్లాంటి మనిషి మళ్లీ దొరకడు. దొరికినా మా వాటాకు రాలేడు, బాట చాలదు.

మొన్న నాయన ఏడాది పెట్టుకున్నాం. ఈసారి చుట్టాలందరూ వచ్చారు. చెల్లె కర్రీ పాయింటుకు గోడ లేపింది, అన్న హాస్టలుకు గోడ లేపాడు, ఆ రెండు గోడల నడుమ ఒకరి వెనక ఒకరు, చీమల్లాగా వచ్చారు. అన్న అడ్డంగా తిరిగి పొట్ట లోపలికి పీల్చుకుని వచ్చాడు. నాయనతో పాటు ట్యాంకర్ నడిపిన ముసలాయన ఒకడు మలుపు దగ్గర ఆగి, ముందుకూ వెనక్కీ చూసి, అందరూ వినేలా అడిగాడు.

"ఓ బిడ్డా, రేపు నీకేమన్నయితే ఎట్ల తీస్తరు రా? ఈ మలుపు కాడ పాడె తిరుగది."

"నిలవెట్టి తీస్కపోండ్రి కాకా. అందరికి దండం పెట్టుకుంట పోత."

అందరూ పడీపడీ నవ్వారు. చెల్లె అయితే నేల మీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

తెల్లారి లేచేసరికి నా భార్య ఆ మలుపులో నిలబడి ఉంది. ఈ గోడకు మోచెయ్యి ఆనించి ఆ గోడ దాకా మూరతో కొలుస్తోంది. ఒకసారి అయ్యాక నమ్మకం కుదరలేదేమో, మళ్లీ కొలిచింది. తర్వాత రెండు అరచేతులనూ ఆ వెడల్పులోనే గాలిలో పట్టుకుని, ఎడం తగ్గకుండా పెరగకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ, గడపలో కూర్చున్న నా భుజాల వైపు వచ్చింది.