రూత్ గారి పాటలో ఆగే చోటు

డబ్లిన్ శివారు, మా ఆడమ్స్‌టౌన్‌లో పక్కింటి నిత్యకు పదిహేనేళ్లు. వయొలిన్ వాయిస్తుంది. డబ్లిన్‌లో యూదులు జరిపే ఒక స్మారక సంగీత సభలో ఆమె ఓ జోలపాట వాయించాలి. నాజీల శిబిరంలో చనిపోయిన ఒక తల్లి పాట అది. ఆ పాట తెలిసిన మనిషి ఆమె కూతురు రూత్ గారొక్కరే, ఎనభై దాటాయి. మూడు నెలలుగా ఫోన్‌లోనే కూనిరాగం తీసి నేర్పారు. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. "వచ్చే ఏడాదికి నేనుంటానో లేదో" అన్నారట. నిత్య వాళ్లమ్మకు ఆసుపత్రి డ్యూటీ పడడంతో నేను తోడు వెళ్లాను. మా ఇద్దరి పేర్లూ నేనే నమోదు చేశాను.

భద్రత కోసం హాలు చిరునామా ఆ ఉదయమే పంపుతారు. ఒంటిగంట రైలెక్కి, హ్యూస్టన్ స్టేషన్‌లో దిగి లూవాస్ ట్రామ్ పట్టుకున్నాం. లీప్ అనే ప్రయాణ కార్డుతో నాకు రెండు యూరోలు. తొంభై నిమిషాల్లోపు మారితే అదే చార్జీ. రెండుంపావుకి చేరాం. గేటు దగ్గర గార్డుల, అంటే ఇక్కడి పోలీసుల, కారు ఉంది. రెండున్నరకు తలుపులు మూస్తారు.

జాబితా పట్టుకున్న వాలంటీరు నిత్య పాస్‌పోర్టు రెండుసార్లు చూశాడు. నేను రాసింది బడిలో పిలిచే నిత్యా రావు. పాస్‌పోర్టులో చాగంటి వెంకట లక్ష్మీ నిత్య.

"ఈ అమ్మాయికి ఎన్ని పేర్లండీ?"

"పాస్‌పోర్టులో నాలుగు, బడిలో రెండు, ఇంట్లో ఒకటి."

అతను నవ్వాడు, తలుపు మాత్రం తీయలేదు. వయొలిన్ పెట్టె విప్పించాడు.

"ఆంటీ, దే వోంట్ లెట్ మి ఇన్," అంది నిత్య. టైము రెండూ ఇరవై నాలుగు.

అతను లోపలున్న రూత్ గారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "పాడమనండి," అన్నారామె.

నిత్య సన్నగా అందుకుంది. మూడో వరుస మధ్యలో ఆగింది. వాలంటీరు నా వైపు చూశాడు. పాట మరిచిపోయిందనే అనుకున్నాను. కాసేపటికి మిగతాది పాడింది.

"నిత్యే," అన్నారు రూత్ గారు. "అక్కడ అమ్మ పాడింది నాకు గుర్తులేదు. సొంతంగా ఏదీ కలపొద్దు, ఆగమన్నాను. రానివ్వండి."

సభలోనూ నిత్య అక్కడ కమాను ఎత్తేసింది. గడియారం చూశాను: నాలుగు సెకన్లు. స్మారక సభ కదా, అయ్యాక చప్పట్లు లేవు. చక్రాల కుర్చీలో రూత్ గారు నిత్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. తెలియనిచోట ఊహ రాయకూడదని ఇన్నేళ్లూ మా పత్రికాఫీసులో కుర్ర విలేకరులకు చెబుతూ వచ్చాను. పేరు తప్పు రాసింది మాత్రం నేనే.

ఇలాంటి సభకు మీరు వెళ్లాలనుకుంటే, పేరు నమోదు చేసేటప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని, ఇంటిపేరుతో సహా అందులో ఉన్నది ఉన్నట్టే రాయండి.