పన్నెండు గంటల నీళ్లు

నా చిన్నప్పుడు, అరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో, మేము చిక్కడపల్లిలో ఒక ఇంటి పెరట్లో రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. మేమంటే మా నాయనమ్మ, నేను. ఆమె పాలమూరు నుంచి వచ్చి తట్టలు మోసి బతికిన మనిషి. మా అమ్మానాన్నలు ప్రాజెక్టు పనికి దూరం పోతే నన్ను తన దగ్గర పెట్టుకుంది. ఆ ఇంటి మీద ఒక గది కడుతున్నారు. పగలు అక్కడ కూలి, రాత్రి దానికి కాపలా, రెండూ ఆమెవే. నాకు తొమ్మిదేళ్లు. మూడో తరగతి సగంలోనే బడి మానేశాను.

ఇంటాయన గుంటూరు వైపు నుంచి వచ్చిన సర్కారు ఉద్యోగి. మేం సారు అనేవాళ్లం. ఆయన కూతురు హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉండేది. నేను అక్కా అని పిలిచేదాన్ని. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో చేరి సైన్సు చదవాలని ఆమె ఆశ. ఆ ఏడేమో ప్రత్యేక రాష్ట్రం కావాలని పట్నమంతా గొడవలు. బళ్లు మూతపడ్డాయి. పరీక్షలు వాయిదా మీద వాయిదా పడుతున్నాయి. సారు ఒకటే మాట చెప్పేశాడు. ఈ ఏడు కాలేజీలో సీటు వస్తే ఇక్కడే ఉందాం, లేకపోతే సామాను సర్దుకుని ఊరికి పోదాం అని. ఆ ఊళ్లో కాలేజీ లేదు. అంటే అక్క చదువు హైస్కూలుతోనే సరి.

ఇంత తెలిసీ అక్క చదవడం మానేసింది. మొదట్లో బాగానే చదివింది. పరీక్ష తేదీ మారిన ప్రతిసారీ కొంత కొంత జారిపోయింది. వారమంతా పుస్తకంలో అదే పేజీ తెరిచి ఉండేది. కాలేజీ దరఖాస్తు నింపి, పెద్ద పంతులమ్మ సంతకం కోసం అట్టల మధ్య పెట్టుకుంది. బడి మూసి ఉంది కాబట్టి అశోక్‌నగర్‌లో ఆమె ఇంటికే పోవాలి. పోదాం పోదాం అంటూనే ఉండిపోయింది.

మేడ మీద కూడా అదే కథ. గది పైకప్పు స్లాబ్ పోసిన మర్నాటి నుంచే మేస్త్రీ రావడం ఆగిపోయింది. మా నాయనమ్మ మాత్రం ఆగలేదు. కొత్త స్లాబ్ మీద మట్టితో చిన్న చిన్న గట్లు వేసి, మడుల్లాగా చేసి, బావి నీళ్లు నిచ్చెన మీదుగా మోసి నింపేది. పొద్దున, పన్నెండు గంటలకు, మాపటికి. ఎండకు నీళ్లు తాగి తాగి స్లాబ్ గట్టిపడాలట. సారు కూడా అన్నాడు, ఉంటామో పోతామో తెలీదు, ఎందుకమ్మా ఈ శ్రమ అని.

"మీరు ఉండుడు పోవుడు మీ ఇష్టం సారు. స్లాబ్ ఎండితే పోయేది నా పేరు," అంది మా నాయనమ్మ.

నాలుగో రోజు పొద్దున నీళ్లు పోసి, విద్యానగర్‌లో ఉన్న తన చెల్లెలికి జ్వరమని చూడబోయింది. పన్నెండింటికి ఒకసారి, మాపటికి ఒకసారి పొయ్యమని నాకు రెండుసార్లు చెప్పి పోయింది. నేను, అక్క అరుగు మీద అష్టాచెమ్మా పరిచాం. ఆమె చదువు తప్పించుకుంది, నేను బిందె తప్పించుకున్నాను. మధ్యాహ్నం దాటింది. సాయంత్రం పెద్ద రోడ్డు మీద అరుపులు, పరుగులు వినపడ్డాయి. ఇళ్లన్నీ తలుపులు వేసుకున్నాయి. కర్ఫ్యూ అన్నారు. నాయనమ్మ రాలేదు. నన్ను ఆ రాత్రి అక్క వాళ్లే లోపల పడుకోబెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున నిచ్చెన ఎక్కి తల మాత్రం పైకి పెట్టి చూశాను. మడులన్నీ ఎండి, స్లాబ్ బూడిదలా తెల్లగా ఉంది. భయం వేసింది. భయం వేస్తే వెంటనే నీళ్లు పోయాలి కదా. నేను దిగిపోయాను. ఆ రోజు పన్నెండింటికీ పోయలేదు. కర్ఫ్యూ సడలించారని తెలిశాక, ఇక నాయనమ్మ వస్తుందని గబగబా మడులన్నీ అంచు దాకా నింపాను. నీళ్ల కింద ఏముందో ఎవరికి కనపడుతుంది అనుకున్నాను.

ఆమె వచ్చి, చెప్పులు విప్పకుండా మేడెక్కింది. నిండుగా ఉన్న మడుల్ని చూసి మెచ్చుకోలేదు. ఒక గట్టు కాలితో తన్నింది. నీళ్లు జారిపోయాక, సాలెపోగులాంటి గీతలు కనపడ్డాయి. చెంప చూపించి నిలబడ్డాను. ఆమె కొట్టలేదు. కిందికి వంగి అక్కను పిలిచింది.

అక్క వచ్చి చూసి బిత్తరపోయింది. "పాడైపోయింది కదవ్వా. ఇంక పోసి ఏం లాభం?"

"నీ చదువు గిట్లనే పక్కకు పెట్టినవా బిడ్డా?"

నాయనమ్మ పాత డబ్బాలో సిమెంటు వేసి, పాలలాగా పల్చగా కలిపి అక్క చేతికిచ్చింది. గీత వెంట పోయించింది, గుడ్డతో అదిమించింది.

"పగులు పోదు. ఉంటది. నీళ్లు ఆపితే పెద్దగైతది, గంతే."

"పరీక్ష జరుగుతుందో లేదో కూడా తెలీదు కదవ్వా."

"మేస్త్రి ఎప్పుడొస్తడో నాకు మాత్రం తెలుసా? వచ్చిన దినం స్లాబ్ గట్టిగుండాలె. ఇగ పన్నెండు గంటల నీళ్లు నువ్వు పొయ్యాలె. పుస్తకం పైకి తెచ్చుకో. పోసిన నీళ్లు ఇంకేదాక దిగొద్దు."

మర్నాడు కర్ఫ్యూ సడలించిన గంటల్లో దరఖాస్తుతో ముగ్గురం బయలుదేరాం. ఆ పూట దాటితే కాలేజీలో తీసుకోరట. నాయనమ్మ తట్టలో గోనెపట్టా పరిచి, కాగితాన్ని మడత పడకుండా దాని కింద పెట్టి నెత్తిన పెట్టుకుంది. అక్కను నోరు విప్పొద్దంది, మాట వింటే గుంటూరు వైపు మనిషని తెలిసిపోతుందని. అశోక్‌నగర్‌లో సంతకం అయింది. నారాయణగూడ మలుపులో మాత్రం నలుగురు కుర్రవాళ్లు అడ్డం వచ్చారు.

"యాడికి అవ్వా?"

"పనికి బిడ్డా."

"గీ పిల్లెవరు?"

అక్క నాయనమ్మ వెనక్కి జరిగింది. నాయనమ్మ తట్ట సర్దుకుంటూ, "నా మనుమరాలు," అంది.

వాళ్లు అక్క ఇస్త్రీ లంగావోణీ వైపు చూశారు. మమ్మల్ని నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. అందులో పెద్దవాడు పక్కకు జరిగి, "జర జల్ది పో అవ్వా. ముందట లొల్లి ఉన్నది, గల్లీల నుంచి పో," అన్నాడు. వాళ్లలో ఒకడు గల్లీ చివరిదాకా మా ముందు నడిచాడు. కాలేజీ గుమాస్తా కాగితం తీసుకుని, దాని మీద అంటిన సిమెంటు దులిపి, ముద్ర వేశాడు.

ఆ తర్వాత ఎన్ని పన్నెండు గంటలు గడిచాయో నేను లెక్కపెట్టలేదు. నెత్తిన తడిగుడ్డ వేసుకుని, పక్కింటి గోడ నీడలో కూర్చుని అక్క చదివేది. కొన్ని రోజులు ఏడుస్తూ చదివింది. నీళ్లు త్వరగా ఇంకాలని నేను ఊదేదాన్ని. చివరికి పరీక్షలు ఉన్నట్టుండి వచ్చాయి. కొందరు పుస్తకాల కోసం వెతుక్కుంటుంటే, అక్క తలకు నూనె పెట్టుకుని పరీక్షకు పోయింది. ఆమెకు ఫస్టు క్లాసు రాలేదు. పోయిన నెలలు పోయినట్టే. సీటు మాత్రం వచ్చింది, సారు సామాను సర్దలేదు.

మేస్త్రీ వచ్చి గది పూర్తి చేశాడు. ప్రతి వానాకాలం ఆ గీత దగ్గర ఒక్క చోట కారేది. అక్క దాని కింద గిన్నె పెట్టుకుని చదివేది, పక్కన నాకు అక్షరాలు దిద్దించేది. నేను మళ్లీ బడికి పోలేదు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆ గదిలో నేర్చుకున్న దానితోనే.

మా మనుమరాలికి ఇప్పుడు ఇంటర్ ఆఖరి ఏడాది. కాలేజీలకు దరఖాస్తులు పెడుతోంది. మనసు రావట్లేదు నానమ్మా అంటుంది. నేను బుజ్జగించను. నీళ్లయినా మాటలయినా వృథా చేసే అలవాటు నాకు లేదు. ఇయ్యాల నీళ్లు పోసినవా అని మాత్రం అడుగుతాను. మూతి ముడుచుకుని పుస్తకం తీస్తుంది.

గడియారం పన్నెండు కొట్టిందంటే, ఏ పనిలో ఉన్నా, నా చెయ్యి ఇప్పటికీ బిందె కోసం చూస్తుంది.