లప్పం మేస్త్రి కావాలని చెడగొట్టిన గోడ

మా కింది వాటాలో ముందు గది గోడలకి గరుకు పూత వేయించింది మా బావమరిది సలహా మీదే. చూడటానికి గొప్పగానే ఉండేది. భుజం తగిలితే చర్మం లేచొచ్చేది, దుమ్ము దులపలేక మా ఆవిడ ప్రాణం విసిగేది. పదేళ్లు భరించి, చివరికి వాటిని నున్నగా చేయించడానికి లప్పం మేస్త్రిని పిలిచాను.

అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లు సున్నమూ సిమెంటూ పిసికి వేళ్ల కొనలు మొద్దుబారిపోయాయి. పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకున్నా ఆయనకి చురుక్కుమనేది కాదు. గోడ తడపడం, రేకుతో బుడిపెలు గీకడం, రెండు పూతలు లప్పం పట్టించి ఎమరీ కాగితంతో రుద్దడం వరకూ ఆయన పని. నున్నగా వచ్చిందో లేదో చూడటం ఆయన భార్య పని. ఆవిడ కళ్లు మూసుకుని, గోడకి చెంప ఆనించి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదట. గరుకు తగిలిన చోట ఆగి తనే రుద్దేసేదట.

"పెళ్లయ్యాక మా ఆవిడకి పౌడరు కొన్న పాపాన పోలేదండీ. మొహం ఎప్పుడూ తెల్లగానే ఉండేది," అని నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది.

మొదటి గోడ పూర్తయిన సాయంత్రం బల్బు గోడకి దగ్గరగా పెట్టి చూశాను. పక్క వెలుగులో బుడిపెలన్నీ నీడలతో సహా బయటపడ్డాయి. "రేపు చూస్తానండీ," అన్నాడు తల దించుకుని. తాళం నేనే వేసి, చెవి జేబులో వేసుకుని పైకి వెళ్లాను.

పొద్దున తలుపు తీస్తే ఆ గోడ మీద ఒక్క బుడిపె లేదు. గోడ పొడుగునా నేల మీద తెల్లటి పొడి సన్నగా రాలి ఉంది. అందులో ఒక్క అడుగుజాడ కూడా లేదు.

"మా ఆవిడ వచ్చిందండీ," అన్నాడు మేస్త్రి, పక్కింటి నుంచి ఎవరో వచ్చి వెళ్లినట్టు.

రెండో గోడకీ, మూడో గోడకీ అదే వరస. నాకు అన్నం సయించడం మానేసింది. పని ఆపించేద్దామా అని మా ఆవిడని అడిగాను.

"గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా వస్తున్నాడండీ ఆ మనిషి. ఏ నోటితో ఆపుతారు?" అంది.

నాలుగో గోడ దగ్గర పని నత్తనడక పట్టింది. తీరా సాయంత్రం చూస్తే, గోడ నడిమధ్య తలుపంత మేర లప్పం ముద్దలుముద్దలుగా వదిలేసి ఉంది. నాకు కోపం నషాళానికంటింది.

"ఇదేం పని మేస్త్రీ? దీనికి బల్బు కూడా అక్కర్లేదు."

"తెలిసే వదిలానండీ. ఇదే ఆఖరి గోడ. ఈ చేతులకి ఇంకెవరూ పని ఇవ్వరు. ఇది కూడా నున్నగా అయిపోతే తను ఇంక ఎందుకొస్తుంది? ఇన్ని ముద్దలు రుద్దడానికి తనకి నాలుగు రోజులన్నా పడుతుంది. రానివ్వండి."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. తలుపు దగ్గరికి లాగి తాళం వేశాను.

మర్నాడు ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం. నాలుగో గోడ ఎలా వదిలాడో అలాగే ఉంది. మేస్త్రి దానికేసి చూస్తూ ఉండిపోయాడు. నేను బల్బు వెలిగించి మొదటి గోడకి పట్టాను. పోయిన బుడిపెలన్నీ ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి. రెండో గోడ మీదా, మూడో గోడ మీదా అంతే.

"కోపమొచ్చింది తనకి," అన్నాడు మేస్త్రి. "కావాలని పని చెడగొడితే నాతో మాట్లాడటం మానేసేదండీ."

"ఎన్నాళ్లు?"

"నేను సరిచేసేదాకా."

తొమ్మిది రోజులు పట్టింది. ఆయన వేళ్లకి తెలియదు కనక నేనే బల్బు పట్టుకుని, ఇక్కడ, ఇంకాస్త పైన అని చెబుతూ వచ్చాను. తొమ్మిదో రోజు సాయంత్రానికి నాలుగు గోడలూ అద్దంలా వచ్చాయి. మేస్త్రి సామాను సర్దుకోలేదు. గది మధ్యలో నిలబడ్డాడు.

"సరిచేశాను కదే," అన్నాడు. "ఇంక మాట్లాడు."

తాళం పట్టుకుని గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఆయన అదే మాట మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నాడు. ఆయన గొంతు తప్ప ఆ గదిలో ఇంకేమీ వినపడలేదు.