మూడో నెంబరు గుర్రం

"అక్కా, జట్కా తాత పోనాడు. రాత్రి పడుకున్నోడు లెగలేదు" అని మొన్న పొద్దున్నే నర్సీపట్నం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇక నేను తప్ప ఎవరూ లేరు కదా అన్న మాట ముందు మనసులోకొచ్చింది. హమ్మయ్య అనిపించింది కూడా. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. అనకాపల్లిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ కన్నీళ్ళు రాలేదు.

తాత మాకు చుట్టం కాదు. ఆటోలు రాకముందు మా ఊరి బస్టాండు నుంచి బలిఘట్టం శివుడి గుడి దాకా జట్కా తోలేవాడు కాబట్టి వీధి వీధంతటికీ జట్కా తాతే. ఆటోలొచ్చాక బండి మానేశానని చెప్పేవాడు. నేను డిగ్రీ అయ్యి, కంప్యూటర్ కోర్సు ముగించి ఖాళీగా కూర్చుంటే, మా బావ ఒక గదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ నడపమన్నాడు. ఆ గదికీ తాత ఇంటికీ గోడ ఒక్కటే.

పొద్దున్న పూట పరీక్షా ఫలితాలు, మెయిళ్ళు. సాయంత్రమైతే కాలేజీ కుర్రాళ్ళంతా ఒకటే ఆట. పాతకాలపు రాజుల యుద్ధం. అటు నలుగురు, ఇటు నలుగురు, ఒక్కో పక్కకి రెండే గుర్రాలు. ముందొచ్చి కూర్చున్నవాడికి గుర్రం, మిగతావాళ్ళకి బల్లెం. బల్లెం వాళ్ళ పని నేలమీద పరిగెట్టడం, గుర్రం వచ్చి గుద్దితే చావడం.

తాత మొదటిసారి ఫ్యాను గాలి కోసం లోపలికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఆర్పిన బీడీ ముక్క చెవి మీద పెట్టుకుని, కుర్చీ ఇచ్చినా వద్దని ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు. కాసేపు తెరకేసి చూసి, "ఇదేటమ్మా, దీనికి అలుపు నేదేటి? ఇందాకట్నించీ పరిగెడతంది" అన్నాడు.

"కంప్యూటర్ గుర్రం తాతా, గడ్డి కూడా తినదు" అన్నాడు మా తమ్ముడు.

"తినకపోతే మానీ. ఊపిరైనా తియ్యదేటి?"

అందరూ పడీ పడీ నవ్వారు. ఆయనేమీ అనుకోలేదు, మర్నాడు మళ్ళీ వచ్చాడు. తెర మీద గుర్రం పడిపోయినప్పుడల్లా నాలికతో "త్చొ త్చొ" అనేవాడు. మనుషులు పడిపోతే మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

చింతపల్లి దగ్గరి కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే ఒకతను ఆదివారాలు స్నేహితులతో వచ్చేవాడు. వాళ్ళొచ్చేసరికి గుర్రాలన్నీ ఊరి కుర్రాళ్ళవి. వాళ్ళు కూర్చోవడం, తొక్కించుకోవడం, లేవడం. నెల తిరిగేసరికి స్నేహితులు మానేశారు. అతనొక్కడే వచ్చి చచ్చిపోయి వెళ్ళేవాడు. చూడలేకపోయాను. గుర్రం వేగం, బలం అన్నీ ఒక ఫైల్లో అంకెలుగా ఉంటాయనీ, వాటిని మార్చొచ్చనీ నెట్‌లో చదివాను. అంకెలు మార్చడం నాకొచ్చు. గుర్రం సంగతి ఎవరికొచ్చు?

"పరుగులో ఉన్న గుర్రం గిరుక్కున తిరగదమ్మా, తిప్పితే పడిపోద్ది" అన్నాడు తాత. "కాసేపు తోలితే ఊపిరి తీసుకోనియ్యాల. మరి ఎదర మొనదేలిందేదైనా కనపడితే ఆగిపోద్ది. నువ్వు సంపీసినా ముందుకెల్లదు. మనకన్నా దానికే బుద్ధెక్కువ."

అలాగే మార్చాను. ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ ఫైలు విడిగా ఉండేది, ఎనిమిదింటిలోనూ మార్చాలి. మొదటిసారి మరీ నీరసం గుర్రాన్ని తయారుచేస్తే తాత చూసి, "ఇంత బేగి అలిసిపోతే అది గుర్రం కాదమ్మా, నాను" అన్నాడు. మళ్ళీ సరిచేశాను. పదిహేను రోజులు ఆయన చూడడం, నేను అంకె పెంచడం, తగ్గించడం.

దాంతో ఆట తిరగబడింది. కదలకుండా నిలబడి సమయానికి బల్లెం ఎత్తితే గుర్రం ఆగిపోయేది. హాస్టల్ అబ్బాయి అలా నిలబడడం నేర్చుకున్నాడు. "గుర్రాన్ని గాడిదని సేసీసేవక్కా" అని ఊరి కుర్రాళ్ళు నా మీద పడ్డారు. అందరికన్నా దెబ్బతిన్నది మా తమ్ముడు. వాడే అప్పటిదాకా మొనగాడు. హాస్టల్ అబ్బాయి చేతిలో వరసగా ఓడిపోయి, అందరూ ఏడిపిస్తుంటే, ఒకరోజు కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

దసరా సెలవుల్లో బావ పోటీ పెట్టాడు. ముందురోజు మూడో నెంబరు కంప్యూటర్‌కి వైరస్ పడితే అంతా చెరిపి ఆట మళ్ళీ ఎక్కించాను. అందులోకి పాత అలుపెరగని గుర్రమే వచ్చింది. ఆ సంగతి నాకు ఆఖరి ఆట మొదలయ్యాక గుర్తొచ్చింది. మూడో నెంబరు ముందు గుర్రం తీసుకుని కూర్చున్నది మా తమ్ముడు, ఎదరి పక్కన బల్లెంతో హాస్టల్ అబ్బాయి. ఆపమని ఒక్క మాటంటే చాలు. అనలేదు. మావాడు ఒక్కసారి గెలవనీ అనుకున్నాను.

అతను నిలబడ్డాడు. బల్లెం ఎత్తాడు. గుర్రం ఆగలేదు.

గది ఎగిరిపోయేలా అరిచారు. తమ్ముడికి ఏమీ తెలీదు పాపం, కప్పు పట్టుకుని గంతులేశాడు. హాస్టల్ అబ్బాయి నా బల్ల దగ్గరికొచ్చి, "నాదే తప్పక్కా. బల్లెం లేటుగా ఎత్తీసేను" అన్నాడు. తర్వాతి ఆదివారం రాలేదు. మళ్ళీ రానే లేదు.

మర్నాడు నేను తాళం తీస్తుంటే తాత వచ్చాడు. "మూడో నెంబరు గుర్రం ఊపిరి తియ్యలేదమ్మా" అన్నాడు. ఏదో తేడా వచ్చుంటుందని గొణిగాను. ఆయన మెట్టు మీద కూర్చుని తన గుర్రం గురించి చెప్పాడు. శివరాత్రి రోజు బలిఘట్టానికి జనం విరగబడి వస్తుంటే, తెల్లారకముందు నుంచి నీళ్ళు కూడా పట్టకుండా తోలాడట. ఎత్తు ఎక్కలేక ఆగితే కొరడాతో కొట్టాడట. అక్కడే కూలబడి మరి లేవలేదట.

"ఆటోలొచ్చి బండి మానీసేనని ఊరందరికీ సెప్పేను. అబద్ధమమ్మా. సెప్పుకుందారంటే నాకు ఆ గుర్రం నేదు. నీకు ఆ హాస్టల్ గుంటడున్నాడు. బేగి సెప్పీ."

ఆ రోజే మూడో నెంబరు సరిచేశాను. చెప్పడం మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే నాకు పెళ్ళయింది, సెంటర్ మూసేశారు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా తాత అరుగు మీంచి పలకరించేవాడు. పిల్లలెలాగున్నారు, మీ ఆయన బాగున్నాడా అని అన్నీ అడిగి, ఆఖర్న మెల్లగా, "సెప్పేవేటి?" అనేవాడు. లేదు తాతా అనేదాన్ని. కోప్పడలేదు, ఎవరి దగ్గరా అనలేదు. ఆ ప్రశ్నకి భయపడి ఆఖరి రెండేళ్ళూ వెనక సందులోంచి ఇంట్లోకి వెళ్ళేదాన్ని. అంత ప్రేమగా పలకరించే మనిషిని అలా తప్పించుకు తిరిగాను.

నేను వెళ్ళేసరికి తాతని వాకిట్లో పడుకోబెట్టారు. గోడ వారన హాస్టల్ అబ్బాయి నిలబడి ఉన్నాడు. కొండ మీద బళ్ళో మేష్టారట ఇప్పుడు. నర్సీపట్నం దిగినప్పుడల్లా తాతని చూసే వెళ్ళేవాడట.

"తాత నీకేమైనా చెప్పాడా?" అన్నాను.

"ఏటక్కా?" అన్నాడు.

అన్నేళ్ళు ఎదురుగా కూర్చోబెట్టుకుని కూడా ఆ ఒక్క మాట చెప్పలేదు. నా కోసం అట్టేపెట్టాడు. అక్కడే, ఏడుపుల మధ్య, ఫైలు సంగతి, వైరస్ సంగతి, గుర్తొచ్చీ నోరు మూసుకున్న సంగతి అంతా చెప్పేశాను. అతను నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు.

"అయితే నాను బేగే ఎత్తేనా అక్కా?"

"బేగే ఎత్తావు."

వాకిట్లో పాడె కడుతున్నారు. అంతమంది జనంలో, ఆ మేష్టారు కుడికాలు వెనక్కి ఊతగా పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి, లేని బల్లేన్ని ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. "ఇలాగేనా?" అన్నాడు. ఇలాగేనన్నాను. డప్పులు మొదలయ్యాయి. అతను చేతులు దించలేదు.