రెండు ఉతుకుల దామోదరం

లోకంలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా దామోదరం తీర్పు ఒక్కటే: "రెండు ఉతుకులు. అంతే, రంగు పోతాది!" చూసి చెప్పేవాడా అంటే అదీ లేదు. పేరు వింటే చాలు.

మద్రాసు పాండీబజార్లో ఒక చీరల కొట్లో జీవితమంతా పరుపు మీద కూర్చుని చీరలు పరిచి చూపించిన మనిషి ఆయన. అందుకని రిటైరయ్యాక కూడా ప్రపంచం మొత్తం చీరలాగే కనబడేది. నడుముకు పేజర్ తగిలించుకున్నవాళ్లను చూసి, "అది మోగితే వీడు మళ్లా ఫోన్ బూతు వెతుక్కుంటా పరిగెత్తాల. రెండు ఉతుకులు!" అన్నాడు. గోడలోంచి డబ్బులిచ్చే మిషను వస్తే, "ఇచ్చేవోడు మొగం దాచుకుంటే అదేం బ్యాంకు? రెండు ఉతుకులు!" అన్నాడు. ఇక పేపర్లో డాట్‌కామ్ కంపెనీల ప్రకటనలు చూస్తే ఆయనకు నవ్వు ఆగేది కాదు. "గోడౌను లేదంట, గల్లా లేదంట, షట్టరు కూడా లేదంట! పొద్దన్నే దీపం యాడ పెడతారబ్బా వాళ్లు?"

వీధి వీధంతా నవ్వింది. తమ్ముడి కూతురు సుమతికి మాత్రం నవ్వు రాలేదు. తొంభై తొమ్మిదిలో ఆ వీధిలోనే, మేడ మీద, ఆ పిల్ల బ్రౌజింగ్ సెంటర్ తెరిచింది మరి. తండ్రి కృష్ణస్వామి ముందే చెప్పేశాడు: "దీపావళి దాకా చూస్తా మే. జనం రాకపోతే మూసేసి ఊరి చివర మనలిలో ఏదన్నా కంపెనీలో టైపిస్టు పనికి పో." ఉద్యోగం చెడ్డదని కాదు గానీ, కొట్టు తనది.

మొదట్లో ఈగ కూడా రాలేదు. మోడెం కీచుకీచుమని అరిస్తే వినడానికి తనొక్కతే. తర్వాత ఒకరూ ఇద్దరూ రావడం మొదలైంది. బోర్డు బాగా రాయించానని సుమతి మురిసిపోయింది.

దామోదరం రోజూ మడత కుర్చీ తెచ్చుకుని మెట్ల కిందే కూర్చునేవాడు. పైకి ఒక్కసారీ ఎక్కలేదు.

"రా పెదనాయనా, చూపిస్తాను."

"నాకెందుకు మే? ముట్టుకోకుండా చూసేది సరుకా? అందరూ పోయి ఆ గాజుపలక్కి మొగం ఆనిస్తే, పక్కనుండేవోడి మొగం ఎవురు చూస్తారు?"

ఆ మాట సుమతిని రోజంతా వదల్లేదు. తన కంప్యూటర్లన్నీ గోడల వైపే ఉన్నాయి. వచ్చినవాళ్లు ఒకరికొకరు వీపులు చూపించి కూర్చుంటున్నారు. మర్నాడు బల్లలు ఎదురెదురుగా జరిపించింది. ఆ సంగతి పెదనాయనకు చెప్పలేదు. చెబితే ఇక పట్టలేం ఆయన్ని.

ఒకరోజు కాఫీ కోసం దిగుతూ ఉంటే కింద ఆయన గొంతు వినబడింది. సినిమాల్లో సౌండు పనికని రాజమండ్రి నుంచి వచ్చిన హేమచంద్రను ఆపి చెబుతున్నాడు. "పైన ఇంటర్నెట్టంట. నీకొద్దులే అబ్బా. నీలాంటోళ్లకు సరిపడదు. పో, పోయి టీ తాగు."

సుమతికి ఒళ్లు మండిపోయింది. "సొంత పెదనాయనవి! నా కొట్టుకు నువ్వే తాళం వేస్తావా?"

"ఉండేది చెప్తే కోపమేంది? రెండు ఉతు..."

"నీ ఉతుకులూ వద్దు, నువ్వూ వద్దు! రేపట్నుంచి ఈడ కూర్చోబాక!"

ఆయన కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ లేదు. సాయంత్రానికి హేమచంద్ర ఒక్కడే వచ్చాడు.

"మీకు సరిపడదన్నాడుగా ఆయన? మళ్లీ వచ్చారే?" అంది సుమతి, ఇంకా మంటగానే.

"అందుకే కదండీ వస్తున్నాను! ఆవేళ నిజంగా టీకే బయల్దేరాను. నాకు సరిపడదనడానికి ఆయనెవరండీ? మా రూములో వాళ్లందర్నీ అలాగే అన్నాడట. అందరూ పంతం పట్టి మరీ ఎక్కారు."

సుమతికి చిన్నప్పుడు చీరల కొట్లో పెదనాయన పక్కన కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆయన ఏ చీరనూ పొగిడేవాడు కాదు. అన్నీ పరిచి, అమ్మాలనుకున్నదాన్ని మాత్రం మడతపెట్టి తొడ కింద దాచేవాడు. "ఇది మీకొద్దులే తల్లీ, నచ్చదు." అంతే, వచ్చినావిడ, "ముందు అది తియ్యి" అనేది. తీసుకున్నాక కట్టుకుని పొంగిపోయేది.

సుమతి గబగబా ఆయనింటికి వెళ్లింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "తప్పయిపోయింది పెదనాయనా, రా."

"నువ్వే కదా వద్దంటివి?" అన్నాడాయన, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ. "నేనేం చేసినా? ఉండేది చెప్పినా."

సుమతే మడత కుర్చీ మోసుకొచ్చి మెట్ల కింద వేసింది.

దీపావళి ముందురోజు కృష్ణస్వామి వచ్చాడు. "నీకెందుకురా తమ్ముడా అది?" అని ఆయన్నీ మెట్ల దగ్గర ఆపాడు దామోదరం. కృష్ణస్వామి రోషంగా ఎక్కి చూస్తే కూర్చోడానికి కుర్చీ ఖాళీ లేదు. నిలబడే కాఫీ తాగి దిగిపోయాడు. మనలి ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం సుమతి స్వీట్లు పట్టుకుని కిందికొచ్చింది.

"ఇప్పుడన్నా పైకి రా, ఒక్కసారి చూద్దువుగానీ."

"నాకెందుకు మే?"

సుమతి నవ్వాపుకుని, వెనక్కి తిరిగి, మెల్లిగా అంది. "అవున్లే, నీకొద్దులే పెదనాయనా. నీలాంటోళ్లకు సరిపడదు."

కుర్చీ కిర్రుమంది. దామోదరం అప్పటికే పంచె ఎగ్గట్టి రెండో మెట్టు మీదున్నాడు.

"ఎవురికి మే సరిపడనిది? జరుగు!"