పడుగు ఆరేదాకా

నా చిన్నప్పుడు పొదటూరుపేటలో మా వీధి నిండా మగ్గాల చప్పుడే. ఏ మగ్గం ఉన్నట్టుండి ఆగినా నాకు గుండె ఝల్లుమనేది. మా పెదనాన్న మగ్గం ఒక మధ్యాహ్నం అలాగే ఆగింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నెల తిరక్కుండానే ఆయన పోయాడు. ఆ తర్వాత మా నాన్న తలనొప్పని తువ్వాలు బిగించి కట్టుకుని నేస్తూ ఉంటే, నాకు మనసు ఒకచోట నిలిచేది కాదు. కండెలకు నూలు చుడుతున్నదాన్ని మధ్యలోనే లేచి వెళ్ళి, ఆయన చెయ్యి ఆడుతోందా లేదా అని చూసి వచ్చేదాన్ని.

ఆస్పత్రికి పొమ్మంటే ఆయనకు కోపం ముంచుకొచ్చేది. బీపీ పట్టీ చేతికి కడితేనే జబ్బు బయటపడుతుందనీ, కట్టించుకోకపోతే జబ్బు లేనట్టేననీ మా వీధి మగవాళ్ళందరి ధీమా. ఆ రోజుల్లోనే మా ఊరి చిన్న ఆస్పత్రికి, డాక్టరమ్మ దగ్గర పని నేర్చుకోవడానికి మద్రాసు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. జబ్బు ముదరకముందే పట్టుకోవాలని ఆయనకు మహా పట్టుదల. పట్టీ ముందు పెట్టుకుని రోజూ కూర్చునేవాడు. నేతపని మగవాళ్ళు ఒక్కరూ ఆ గడప తొక్కలేదు.

చెల్లెలి దగ్గుమందు కోసం వెళ్ళిన నేను ఉండబట్టలేక మా నాన్న సంగతి చెప్పేశాను. "తీసుకుని రామ్మా, చూస్తాను" అన్నాడు కుర్ర డాక్టరు. డాక్టరమ్మ మాత్రం "మీ పడుగుకి గంజి పెట్టేది యెప్పుడు పాపా?" అని అడిగింది. నేను నాన్న ప్రాణం గురించి చెబుతుంటే ఈవిడ పడుగు గురించి అడుగుతుందేమిటని నాకు ఒళ్ళు మండింది. అయినా ఏ రోజో చెప్పాను.

పడుగుకు గంజి పెట్టడమంటే పెద్ద పని. తెల్లవారుతూనే, మగ్గమెక్కించబోయే నిలువు పోగుల నూలును వీధి పొడవునా చాచి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వాలి. అది ఆరేదాకా పడుగు గలవాడు కదలకూడదు. మేకలు వచ్చి దూరతాయి, గాలికి పోగులు అతుక్కుంటాయి. సరిగ్గా ఆ వేళకే ఇద్దరు డాక్టర్లూ మా వీధిలోకి నడిచి వచ్చారు. మా నాన్న అటూ ఇటూ చూశాడు. పడుగును వదిలి ఎక్కడికి పోతాడు?

కుర్ర డాక్టరు గబగబా పట్టీ తీశాడు. డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడేగదా దువ్వి వచ్చినాడు. ఆయాసం తగ్గనీ" అని తాను నేలమీదే కూర్చుంది. నూలు గురించీ, చీరల అంచుల గురించీ తీరిగ్గా మాట్లాడుతోంది. నాకేమో అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంది. మాటల మధ్యలో మా నాన్నే తనంతట తాను చెయ్యి చాపాడు.

కుర్ర డాక్టరు ఒకసారి చూశాడు. కాసేపాగి మళ్ళీ చూశాడు. ముఖం మారిపోయింది. ఉప్పు మానాలి, అది మానాలి అని ఏకరువు పెట్టబోతే డాక్టరమ్మ కళ్ళతోనే వద్దంది.

"మా అన్నకి ఎవురూ ఈ పట్టీ కట్టలేదమ్మా" అన్నాడు మా నాన్న.

"ఆయన రాలేదు. మేమూ యెతుక్కోని పోలేదన్నా. అందుకే ఇప్పుడు వచ్చినాము" అంది డాక్టరమ్మ.

మా నాన్న తలనున్న తువ్వాలు విప్పి ముఖం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయమూ వేసింది, ఎందుకో ప్రాణం తేలికా పడింది.

"పొద్దున మొదటి కండె నీకు ఎవురు అందిస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ. నన్ను చూపించాడు. "అయితే దాంతోబాటే మాత్ర గూడా అందియ్యి పాపా" అంది. తర్వాత కుర్ర డాక్టరు వైపు తిరిగి, "నువ్వు నెలనెలా వచ్చి చూడాల. రమ్మనొద్దు, నువ్వే రా" అంది.

మా నాన్న మనవళ్ళను ఎత్తుకుని తిరిగేదాకా బతికాడు. నేను డాక్టరునయ్యాను. ఈ వయసులోనూ తిరుత్తణి దగ్గర ఒక చిన్న ఆస్పత్రిలో పీజీ డాక్టర్లకు పని నేర్పుతున్నాను. మధ్యాహ్నానికి ఓపీ ఖాళీ అవుతుంది. "వచ్చినోళ్ళందరినీ చూసేసినాము మేడమ్" అని పిల్లలు హాయిగా కుర్చీల్లో వాలతారు. నాకు మాత్రం ఆ ఖాళీ బెంచీలను చూస్తూ కూర్చోబుద్ధి కాదు. చెప్పులు వేసుకుని వాకిట్లోకి నడుస్తాను.

"సరే, రానోళ్ళు యాడుండారు?" అంటాను.