మగ్గం గదికి కిటికీ

యుద్ధం రోజులు. కిక్కిరిసిన రైల్లో నిలబడి వచ్చి ధర్మవరంలో దిగాను. ఇంటికి నడుస్తుంటే కుడి పక్కలో కత్తి దిగినంత నొప్పి. రోడ్డు పక్కనే కూలబడిపోయాను. అప్పుడు అనంతపురం కాలేజీలో బి.ఎ. చివరి ఏడాది చదువుతున్నాను. హాస్టల్లో చాన్నాళ్లుగా సాయంత్రం పూట జ్వరం వస్తున్నా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారు, ఇంటివాళ్లు మళ్లీ పంపరు. ఆ భయమే నా నోరు కట్టేసింది.

నాయన నన్ను హిందూపురంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన వీపు తట్టి చూసి, "ప్లూరిసీ. ఊపిరితిత్తి పొరలో నీరు చేరుండాది," అన్నాడు. వీపులోకి సూది దింపి పచ్చటి నీరు లాగాడు. గట్టిగా అరిచాను, నొప్పి పెడితే అరవనా మరి! "అశ్రద్ధ చేస్తే టీబీకి పోతాది. బెడ్ రెస్ట్, పాలు, గుడ్లు, ఫ్రెష్ ఎయిర్," అన్నాడు.

ఇంట్లో మా మేనత్త తీర్పు వేరు. "ఆడపిల్లకు అంత సదువెందుకన్నా? అదే రొమ్ముకెక్కింది. మాన్పించు." చదువు రొమ్ముకెక్కుతుందట! నాకు ఒళ్లు మండిపోయింది.

జబ్బుమనిషికి గాలి తగలకూడదని నన్ను నాయన పట్టుచీరలు నేసే మగ్గం గదిలో పడుకోబెట్టారు. వేడిగాలికి పట్టుపోగులు ఎండి తెగుతాయని ఆ గదికి కిటికీయే పెట్టలేదు. పోగులు మెత్తగా ఉండాలని నేల కూడా తడుపుతుంటారు. ప్రేమతోనే పడుకోబెట్టారు, కాదనను. కానీ టెంపరేచర్ మళ్లీ ఎక్కింది, పక్కలో నీరు మళ్లీ చేరింది.

రెండోసారి సూది దింపాక డాక్టరు అడిగాడు: "ఏమప్పా, పాపను యాడ పండుకోబెట్టినావు?"

"మగ్గం కాడ సార్. గాలి తగలదని."

"గాలి తగలాలనే కదప్పా నేను మొత్తుకునింది!"

ఇంటికి రాగానే నాయన గడ్డపార తీసి మగ్గం గది గోడ పొడవడం మొదలుపెట్టాడు. "పోగులు తెగుతాయన్నా!" అని మేనత్త గోలపెట్టింది.

"తెగితే అతుకుతా. బిడ్డ పోతే యాడ అతికేది?"

మంచం మీద పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

గోడకు పడిన ఆ కంత కింద పడుకున్నాకే జ్వరం దిగింది. ఆ తరువాత బలం పుంజుకోవడానికి పెనుకొండలో పిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. మొదట వీధి చివరిదాకా, తరువాత కొండ మొదలుదాకా, చివరికి సగం కొండ ఎక్కేదాకా నడిచాను.

"సదువు సాలు పాపా. పానముంటే అదే సాలు," అన్నాడు నన్ను చూడ్డానికొచ్చిన నాయన.

"పానముంటే పరీక్ష రాస్తా నాయనా. ఊరికే పొడిపించుకున్న్యానా అన్ని సూదులు?"

హాస్టల్లో జబ్బుపిల్లను పెట్టుకోలేమన్నారు. డాక్టరు సర్టిఫికెట్ బల్లమీద పెట్టి, "నాకు కిటికీ పక్కన మంచం కావాలి," అన్నాను. ఇచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు. మంచమూ ఇచ్చారు, పరీక్షా పాసయ్యాను.

ఇప్పుడు హిందూపురంలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నాను. మొన్న ఆ మేనత్తే మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది, చదువు చెప్పమని. "రొమ్ముకెక్కుతాదేమో అత్తా, సూసుకో," అన్నాను. "పోవే, నీ నోరు పడ," అని నవ్వింది.

కాలేజీ పిల్లలారా, సాయంత్రం జ్వరం తగిలితే ఆ సాయంత్రమే పెద్దవాళ్లకు చెప్పండి. చదువు పోతుందని దాచకండి, దాస్తేనే పోతుంది. పడుకునే చోట కిటికీ తెరవండి. ఎవరైనా మూస్తే, మళ్లీ తెరవండి.